అద్దం డ్యూటీ

చందంపేట దాటినంక
డిండి వాగు వంపుకాడ హైస్కూలు.
ఏడో తరగతి గోడకు
కిటికీ మూల నుంచి బీము దాకా
నా చిటికెనవేలు పట్టేంత పర్రె.

కమలాకర్ సారు అర్జీల ఫైలు ముందర పెట్టిండు.
మొదటి కాయితం మీద సంతకం చేసిన హెడ్మాస్టరు
పింఛను తీసుకుంటున్నడు.
రెండోదాన్ని చెదలు చదివినయి.
మూడోదానికి జవాబొచ్చింది:
"పగులు పాతదా, పెరుగుచున్నదా
తేల్చి రాయగలరు."

తేల్చనీకే నన్ను పంపిండ్రు.
మండల ఏఈని.
స్కూటీ డిక్కీల టేపు, సుత్తె, ఎంబీ పుస్తకం,
దేవరకొండ అద్దాల దుకాణంల
అడుక్కొచ్చిన గాజుముక్క.

పర్రెకు అడ్డంగ గాజు అతికి
సిమెంటు తడి మీద పుల్లతోని తేదీ గీసిన.
"గోడ కదిలితే ఇది పలుగుతది.
పలిగిన్నాడు ఫోన్ చెయ్యుండ్రి."
అంతే అన్న.

నల్లబల్ల మూలకు హాజరు లెక్క కింద
మర్నాటి నుంచి ఇంకో వరుస:
అద్దం – మంచిగుంది.
దినానికొకరి డ్యూటీ.
సోమారం జటావత్ వినేష్,
మంగళారం పోలె అఖిల.
వానకొట్టిన రోజు
అన్నం గంటకు కూడ లేవకుండ
కాపల కూసున్నరంట.
గోడపక్క బెంచీ ఒక్కటే ఖాళీ,
దాని మీద ధూళి
ఎవరి పేరూ లేకుండ చదువుకుంటున్నది.

జులైల వచ్చిన. మంచిగుంది.
ఆగస్టుల వచ్చిన. మంచిగుంది.
మంచిగుండుడే సారుకు బాధైంది.
స్లాబు పెచ్చూడి
అటెండర్ సైదులు భుజం మీద పడ్డది.
అది వేరే ఎస్టిమేట్ అన్నరు పైనోళ్లు.
చువ్వలు తేలి, తుప్పు
మాడిన జొన్నరొట్టె లెక్క పొరలు లేస్తున్నది.
అయినా నన్ను అడిగింది గోడ సంగతే.
గోడేమో కదలదాయె.

బతుకమ్మ సెలవుల ముందర శుక్కురం
ఫోనొచ్చింది. సారు కాదు,
ఆడపిల్ల గొంతు.
"మేడం, పలిగింది."

పోయి చూసిన.
కదిలే గోడ గాజును
గీత గీసినట్టు కోస్తది.
ఇది సాలెగూడు లెక్కుంది.
నడుమ ఒక చుక్క,
చుక్క నుంచి అన్ని దిక్కులకు గీతలు.
పక్కన సున్నం మీద
కార్కు బంతంత ఎర్రమచ్చ.

వెనక్కి తిరిగిన.
నలభై ఒక్కమంది
ఊపిరి బిగబట్టిండ్రు.
"ఎట్ల పలిగింది?"

వినేష్ లేచి నిలబడ్డడు.
కుడిచెయ్యి జేబుల నుంచి తియ్యలే.
"గోడనే కదిలింది మేడం."
"నేను చూసిన మేడం," అన్నది అఖిల.
ఇగ గదంత సాక్ష్యమే.

సర్కారు నాకు కొలుచుడు నేర్పింది,
పొడవు, వెడల్పు, లోతు.
కొలువనిది రాయొద్దు,
రాసింది కొట్టెయ్యొద్దు.
పెన్ను మూత తీసి
ఊడిన పెచ్చు దిక్కు చూసిన,
ఖాళీ బెంచీ దిక్కు చూసిన.

"గాజు పగిలినది" అని రాసిన.
ఎట్లనో రాయలే.
అది అబద్ధమా, సగం నిజమా
ఆడిటోళ్లు అడిగినప్పుడు చూద్దాం.

శివరాత్రి పోయినంక మంజూరైంది,
అడిగినదాంట్ల సగం.
మేస్త్రి జానిమియా పూత రాల్చి,
పర్రెల మోచెయ్యి దాకా పెట్టి
గుప్పెడు మన్ను తీసిండు.
సిమెంటు వాసన కూడ లేదు.
"ఇన్నొద్దులు ఎట్ల నిలబడ్డది మేడం?"
నేను వినేష్ దిక్కు చూడలే.
వాడు నా దిక్కు చూడలే.

కొత్తగోడ ఆరినంక
అఖిల దగ్గరికొచ్చింది.
"అద్దం పీకేసిండ్రు గదా,
ఇగ మా డ్యూటీ ఏంది మేడం?"

ఏం చెప్పాలె.
రాని సగం పైసలు
నెత్తి మీదనే ఉన్నయి.
వేలు పైకి చూపెట్టిన.

మళ్ల పోయినప్పుడు
నల్లబల్ల మూలకు రాసి ఉంది:
స్లాబు –
ఆ గీత తర్వాత
ఎవరూ ఏమీ రాయలే.
సుద్దముక్క మాత్రం
కింద తయారుగ పెట్టుంది.